తాళం వేసిన గ్రిల్లు మీద మా అత్త ఫోటో

మా అత్త ఫోటో వేయించిన ఫ్లెక్సీని తీసుకెళ్ళి చేపల బజారులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి గ్రిల్లుకి కట్టారు. ఆ గ్రిల్లుకి తాళం ఉంది. నాలుగేళ్ళ కిందట రిబ్బను కత్తిరించిన సాయంత్రం వేసిన తాళమే అది. బతికుండగా మా అత్త ఒక్కసారి కూడా ఆ లోపలికి వెళ్ళలేదు. ఇప్పుడు ఆవిడ మొహం దాని మీద నవ్వుతోంది. మొహం కింద పెద్ద అక్షరాలతో 'ఓర్పుకు మారుపేరు' అని రాయించారు.

మొన్న సోమవారం మధ్యాహ్నం శ్రీకాకుళం ఆసుపత్రిలో ఆవిడ పోయింది. మా నాన్నకి అక్క. అరవై నిండలేదు. కిడ్నీల్లో చీము పట్టి, అది రక్తంలోకి ఎక్కింది. బుధవారం బజారు కమిటీ వాళ్ళు సంతాప సభ పెట్టారు. ప్రెసిడెంటు మైకు పట్టుకుని, "ఆ తల్లి పొద్దున్న గంప దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం రెండింటి దాకా కదిలేది కాదు, అంత నిబద్ధత" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

కదిలి ఎక్కడికి వెళ్తుంది? ఆ ప్రశ్న ఆ సభలో ఒక్కడి నోటా రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను పదో తరగతి దాకా చదివాను. భాష బాగోలేకపోతే సర్దుకోండి. నా భాష కంటే ఆ ఫ్లెక్సీ మీది భాషే ఎక్కువ చెడ్డది.

ఆవిడని ఎరగనివాళ్ళకి చెప్తాను. మా బజారులో గేటు నుంచి మూడో గంప ఆవిడది. చేప కన్ను లోపలికి పోయిందంటే దాన్ని గంపలోంచి తీసి పక్కన పడేసేది, బేరం వచ్చినా ఇచ్చేది కాదు. "కన్ను సూసి కొనుక్కో, నా మొకం సూసి కాదు" అని కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పేది. అడ్డచుట్ట కాల్చేది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, ఆ నోటితోనే బేరం ఆడేది. పొగ కోసం కాదు. నోట్లో ఆ సెగ ఉంటే దాహం తెలీదని ఆవిడ లెక్క.

పదో తరగతి అయ్యాక రెండేళ్ళు ఆవిడ పక్కన గంప పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రోజు నాకు నేర్పింది తూకం కాదు, బేరం కాదు.

"ఒసే గుంటా, రేవు కాడికి వచ్చీముందే పోసుకుని రా. మల్లీ ఇంటికెల్లీదాకా నేదు. గొంతు ఎండితే ఉసిరిబద్ద సప్పరించు. నీల్లు మాత్తరం ముట్టకు" అంది.

ఇదీ మా చదువు. పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి రేవులో ఉండాలి, తర్వాత ఆటో, తర్వాత బజారు. తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలూ మా ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. ఎండాకాలంలో కూడా. తాగితే వస్తుంది, వస్తే వెళ్ళడానికి చోటు లేదు. ఇదివరకు బజారు వెనక సరుగుడు తోట ఉండేది. ఇద్దరేసి వెళ్ళేవాళ్ళు, ఒకరికి ఒకరు కాపలా. ఆ తోట కొట్టేసి ప్లాట్లు వేసి కంచె పెట్టారు. మగవాళ్ళకి ఏ ఇబ్బందీ రాలేదు. వాళ్ళకి బజారు గోడ మొత్తం మరుగుదొడ్డే, దానికి తాళం వేసినవాడు లేడు.

తర్వాత ఈ మరుగుదొడ్డి కట్టారు. ప్రారంభం రోజు హారతి పళ్ళెం పట్టుకోవడానికి మా అత్తనే పిలిచారు. పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. ఫోటోలు తీశారు. సాయంత్రం తాళం పడింది. నీళ్ళ మోటారు రాలేదన్నారు. మోటారు వచ్చింది. పైపు వేయాలన్నారు. పైపు వేశారు. అప్పుడు ఇంక చెప్పడానికి ఏమీ లేక, మీరు పాడు చేసేస్తారన్నారు. వాడనిదాన్ని వాడి పాడు చేస్తామట. ఈలోగా కమిటీ వాళ్ళ ప్లాస్టిక్ కుర్చీలూ, మడత పెట్టిన షామియానా అందులోకి చేరాయి.

ఒకరోజు నాకు నెలసరి వచ్చి కడుపు మెలితిప్పుతోంది. అత్త నన్ను వెంటపెట్టుకుని కమిటీ గుమస్తా దగ్గరికి వెళ్ళింది. తాళంచెవి అతని జేబులో ఉంటుంది. బాబూ, ఒక్కపాలి ఇయ్యి, గుంటకి బాగోనేదు అని అడిగింది. అతను ఫోనులోంచి తల ఎత్తకుండా, మీకిస్తే అందులో సేపలు కడుగుతారు అన్నాడు. పక్కన టీ తాగుతున్న మగవాళ్ళు నవ్వారు.

అత్త చుట్ట నోట్లోంచి తీసింది.

"మీ కుర్సీలు లోన కూకున్నాయి గదా బాబూ. ముందు ఆటి సంగతి సూడు. నాలుగేసి కాల్లు దగ్గరెట్టుకుని ఎన్నాల్లని బిగబట్టుకుంటాయి పాపం" అంది.

ఈసారి నవ్వింది ఆడవాళ్ళు. ఐసు పెట్టెల దాకా వినిపించింది ఆ నవ్వు. తాళంచెవి మాత్రం జేబులోంచి రాలేదు. నేను చీర అడ్డం పెట్టించుకుని రెండు ఆటోల మధ్య కూర్చున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గు పడాల్సినవాళ్ళు నా చీర అవతల టీ తాగుతున్నారు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. అందర్నీ తిట్టి నేను పక్కకి తప్పుకుంటే ఈ కాగితం కూడా ఫ్లెక్సీయే అవుతుంది.

అత్తకి నడుం పైన, పక్కటెముకల కింద నొప్పి వచ్చేది. ఒక్కోసారి అది పక్కనుంచి పొత్తికడుపులోకి, తొడ సందులోకి దిగేది. మా వాళ్ళు దాన్ని గంపపోటు అంటారు. ముప్పై ఏళ్ళు గంప మోసినవాళ్ళకి నడుం నొప్పి రాకపోతే ఎవరికి వస్తుంది అని ఎవరూ దాని గురించి రెండోసారి ఆలోచించరు. మందుల షాపులో నొప్పి బిళ్ళలు ఇస్తాడు, ఏం నొప్పి అని అడగడు. ఆ బిళ్ళలు చాలాసార్లు నేనే తెచ్చాను. అవి రోజూ మింగితే కిడ్నీలు పాడవుతాయని నాకు తెలీదు. ఆ ముక్క నాకు చెప్పనివాడికి తెలుసు.

బిళ్ళలకి తగ్గకపోతే నేను. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల కంటే ముందు కాళ్ళు బయటికి వచ్చినవాళ్ళు నడుం మీద తన్నితే పట్టు వదులుతుందని మా దగ్గర నమ్మకం. చిన్నప్పటి నుంచి నా ఎడమ కాలికి మా వీధిలో డాక్టరు కంటే గిరాకీ. అత్త సిమెంటు గచ్చు మీద బోర్లా పడుకునేది. నేను మడమ ఆనించి మూడుసార్లు తన్నేదాన్ని. ఇంకాస్త పైకి, ఆ ఎముక కింద, అద్దీ అక్కడే అని ఆవిడే చోటు చూపించేది. తన్నినప్పుడు పళ్ళు బిగించేది. తర్వాత లేచి, గుంట కాల్లో మందున్నాది అని అందరికీ చెప్పేది. నాకు గర్వంగా ఉండేది.

తర్వాత టౌనులో స్కానింగ్ సెంటర్లో పని దొరికింది. మంచం తుడవడం, స్కానుకి పొట్ట మీద జిగురు రాయడం, ఆడవాళ్ళని లోపలికి పంపడం. అక్కడ రోజంతా నేను చెప్పే మాట ఒకటే: అమ్మా, బాగా నీళ్ళు తాగండి, ఒంటికి పోకుండా ఆపుకుని కూర్చోండి, మూత్రం సంచి నిండాకే స్కాను. మొదటివారం ఆ మాట చెప్తుంటే నాకు నవ్వొచ్చేది. బజారులో దీన్నే ఓర్పంటారు, ఇక్కడ దీన్ని పరీక్షంటారు.

డాక్టరమ్మ తెర మీద చూస్తూ ఇంగ్లీషులో చెప్పే పేర్లు జిగురు సీసాల అట్టల మీద రాసుకునేదాన్ని. ఫుట్‌పాత్ మీద నర్సింగు చదువుకునేవాళ్ళ పాత పుస్తకం కొన్నాను. ఫోనులో అర్థాలు వెతుక్కుంటూ కిడ్నీల పాఠం చదవడానికి నాకు ఏడాది పట్టింది. నాకు తెలిసింది చెప్తాను, బజారు కమిటీలో డిగ్రీ చదివినవాళ్ళు కూడా వినండి.

కిడ్నీలు మీరనుకున్నట్టు పొట్టలో ముందు ఉండవు. పేగులుండే పొర సంచికి వెనక, వెన్నెముకకి రెండు పక్కలా, వీపుకి ఆనుకుని ఉంటాయి. ఆఖరి రెండు పక్కటెముకలు వాటి పైభాగానికి కప్పు. కుడి పక్క పైన కాలేయం ఉంటుంది కాబట్టి కుడిది కాస్త కిందకి. ఒక్కోదాని నుంచి జానెడు గొట్టం దిగి మూత్రాశయంలోకి వెళ్తుంది. ఆ గొట్టం మూడుచోట్ల ఇరుకు, రాయి ఇరుక్కునేది అక్కడే. మూత్రాశయం గోడలోకి అది ఏటవాలుగా దూరుతుంది. సంచి నిండినప్పుడు గోడ నొక్కి గొట్టం మూతి మూసుకోవాలి, వెనక్కి ఎక్కకూడదు. ఏళ్ళ తరబడి నింపి నింపి సాగదీస్తే ఆ కట్టుబాటు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఇంక ఆడవాళ్ళకి బయటికి వచ్చే దారి బొటనవేలంత కూడా ఉండదు. క్రిమి పైకి ఎక్కడానికి ఎంతో సేపు పట్టదు. నీళ్ళు తాగి, పోసుకుంటూ ఉంటే కొట్టుకుపోతుంది. మేము చేయనిది ఆ రెండే.

నరాల సంగతి ఇంకా ఉంది. మూత్రాశయానికి మూడు రకాల నరాలు వెళ్తాయి. ఒకటి సంచిని వదులు చేసి నిండనిస్తుంది. ఒకటి పిండి ఖాళీ చేస్తుంది. ఈ రెండూ మన మాట వినవు. మూడోది, నడుం కింద ఎముక దగ్గర నుంచి వచ్చేది, కింద కండరాన్ని బిగిస్తుంది. మనిషి ఇష్టానికి లోబడేది ఆ ఒక్కటే. మా అత్త ముప్పై ఏళ్ళు ఆ ఒక్క నరంతో బతికింది. మిగతా రెండూ ఎంత మొత్తుకున్నా అది బిగించే ఉంచింది. చివరికి సంచి సాగీ సాగీ, నిండానని చెప్పడమే మానేసింది.

పుస్తకంలో బొమ్మ చాలా శుభ్రంగా ఉంటుంది. ఎర్ర గొట్టం, నీలం గొట్టం, పసుపు నరం. ఆ బొమ్మలో ఆడమనిషికి బజారు లేదు, గంప లేదు, గుమస్తా లేడు. 'వచ్చినప్పుడు పోవాలి' అని రాసి పాఠం ముగించారు. ఎక్కడికి పోవాలో రాసినవాళ్ళకి ఎప్పుడూ అవసరం పడలేదు.

ఒక ఆదివారం అత్త వంజరం చేప కోస్తోంది. పొట్ట చీల్చి, లోపలున్నవన్నీ తీసి, వెన్నెముక వెంబడి అంటుకుని ఉండే ముదురు ఎర్ర చారని బొటనవేలి గోరుతో గీకుతోంది. అది వదిలేస్తే కూర నీచు కొడుతుందని మా ఇళ్ళల్లో ప్రతి ఆడదానికీ తెలుసు. అత్తా, అదేటో తెల్సా, సేపకి కిడ్నీ అదే అన్నాను. గోరు ఆగిపోయింది.

"ముప్పై ఏల్లు నాను గీకి పారీసింది కిడ్నీయా? మరి దీనికి ఒంటికొస్తే ఎక్కడికెల్తాది?"

సముద్రంలోనే అన్నాను.

"దీని బతుకే నయం" అంది. మళ్ళీ గీకింది.

అప్పుడైనా నేను ఆవిడ నొప్పి గురించి ఆలోచించి ఉండాల్సింది. పాఠం చదివాను, చేపలో చూపించాను, ఆవిడ వీపు మాత్రం చూడలేదు. ఆ ఆదివారం సాయంత్రం కూడా తన్నాను.

ఈ మధ్య చలి జ్వరం మొదలైంది. మూడోరోజు బలవంతంగా మా సెంటరుకి తీసుకొచ్చాను. నీళ్ళ సీసా ఇచ్చి, తాగి సంచి నింపుకోమన్నాను. "నింపడం నాకు నేర్పుతన్నావేటే" అని ఆ జ్వరంలోనూ వెక్కిరించింది. బల్ల మీద కూర్చున్న మిగతా ఆడవాళ్ళు ఆగలేక ఇటూ అటూ కదులుతున్నారు. అత్త కదల్లేదు. నా వైపు చూసి, ఈల్లకేటీ సేతకాదు అన్నట్టు కళ్ళెగరేసింది.

తెర మీద సంచి కనపడింది. డాక్టరమ్మ ఒంటికి వెళ్ళి రమ్మంది. వెళ్ళి వచ్చాక మళ్ళీ చూస్తే సంచిలో సగం అలాగే ఉంది. స్కాను పైకి జరిపితే రెండు కిడ్నీల లోపలా నల్లగా నీటి మడుగులు కట్టి ఉన్నాయి. డాక్టరమ్మ ఆవిడని కూర్చోబెట్టి, వీపున ఆఖరి పక్కటెముక వెన్నుని కలిసే మూల మీద చెయ్యి ఆనించి, పిడికిలితో మెల్లగా తట్టింది. మెల్లగానే. అత్త మంచం అంచు పట్టుకుని వంగిపోయింది.

ఆ చోటు నాకు తెలుసు. నా మడమకి తెలుసు.

కిడ్నీ మాంసానికి నొప్పి పెద్దగా తెలీదు. దాని పై పొర సాగినప్పుడూ, గొట్టం ఉబ్బినప్పుడూ నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని మోసే నరాలు వెన్నుపాములోకి చేరేచోటే, నడుం పక్క చర్మం నుంచీ తొడ సందు నుంచీ వచ్చే నరాలూ చేరతాయి. రెండు పడవల చేప ఒకే టార్పాలిను పట్టా మీద పోస్తే ఏది ఎవరిదో చెప్పలేం కదా, అలాగన్నమాట. మెదడు అది వీపుదే అనుకుంటుంది. అత్త గంపది అనుకుంది. ఎదురుకాళ్ళతో పుట్టినందుకు అది నా కాలికి లొంగేదే అని నేననుకున్నాను. మూడేళ్ళపాటు పాడవుతున్న కిడ్నీ మీద తన్నాను.

ఆసుపత్రిలో మూత్రానికి గొట్టం వేసి, మంచం పక్కన ప్లాస్టిక్ సంచి కట్టారు. అత్త ఆ సంచి వంక ఒక పూట అంతా చూసింది. దానంతటదే నిండుతోంది, ఎవర్నీ తాళం అడగక్కర్లేదు, ఇలాంటిది బజారులో ఒక్కోరికీ ఒకటి కట్టినా సరిపోయేది గదా అంది. పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది.

నేను ఇన్నాళ్ళూ తన్నింది కిడ్నీ మీదేనని చెప్పాను.

"నువ్వు తన్నితే నాకు ఆయిగానే ఉండీది గుంటా. నీ కాలినేటనకు. సదివేవు గదా, ఆ తాలం సంగతి సూడు" అంది.

నాతో అర్థమయ్యేలా మాట్లాడిన ఆఖరి మాట అదే. తర్వాత రెండు రోజులు మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఒక్క తాళమే ఆవిడని చంపిందని నేను అనను. బిళ్ళలున్నాయి, చుట్ట ఉంది, నీళ్ళు తాగని ఎండలున్నాయి, నా కాలుంది. మరణ పత్రంలో ఇన్ఫెక్షను అని ఉంది. తాళం పేరు రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. కానీ వీటన్నిటిలో మీ చేతిలో ఉన్నది ఒక్కటే, దాన్ని మీరు చేతిలోంచి జేబులోకి పెట్టుకున్నారు. ఇప్పుడు దాని మీద ఆవిడ ఫోటో కట్టి, ఆవిడ ఓర్పుకి దండం పెడుతున్నారు. అది ఓర్పు కాదు. ఉచ్చ బిగబట్టుకోవడం. మీరు దాన్ని మెచ్చుకుంటే ఇంకో ఆడది బిగబట్టుకుంటుంది. అత్త చోట, మూడో గంప దగ్గర, ఇప్పుడు మా చిన్నాన్న కోడలు కూర్చుంటోంది. పెళ్ళయి ఏడాది కాలేదు. నిన్న వెళ్ళి చూశాను. పెదాలు ఎండి ఉన్నాయి, బుగ్గలో ఉసిరిబద్ద. పక్కన నేను ఇచ్చిన నీళ్ళ సీసా మూత తీయకుండా అలాగే ఉంది.

కమిటీకి చెప్తున్నాను. ఫ్లెక్సీ విప్పండి. కుర్చీలూ షామియానా తీసి మీ ఇళ్ళకి పట్టుకుపోండి. నీళ్ళు, లైటు, లోపల గడియ పెట్టించండి. తాళంచెవి గుమస్తా జేబులో కాదు, గంపల దగ్గర ఉండాలి. కోటబొమ్మాళి నుంచి రైలెక్కి కూరగాయలు తెచ్చి మా పక్కన అమ్ముకునే ఆడవాళ్ళు కూడా అందులోకి వెళ్ళాలి. చేస్తారో చేయరో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మా చిన్నాన్న కోడలి చేతికి ఇవ్వండి. నోటి మాట వద్దు, నాలుగేళ్ళుగా విన్నాం.

అత్త పెద్దకర్మ వచ్చే గురువారం. మీకు బుధవారం సాయంత్రం ఐదు గంటల దాకా టైముంది. జవాబు రాకపోతే, గురువారం పొద్దున్న గంపలు దించే వేళకి బజారులో ఆడవాళ్ళందరం తలో రెండు చెంబుల నీళ్ళు తాగి, ఆ గ్రిల్లు ముందు వరసగా నిలబడతాం. ఎవరం బిగబట్టుకోం.